పిల్లి నాక్కోవడం మానేస్తే ఆ పని మన చేతికొస్తుంది

ఆరోగ్యంగా ఉన్న పిల్లి శుభ్రత గురించి పెంచేవాళ్లకు పెద్దగా పని పడదు. తిన్నాక మూతి, మలమూత్రాల ట్రేలోంచి దిగాక వెనకభాగం, పడుకోబోయే ముందు ఒళ్లంతా, అన్నీ అదే చూసుకుంటుంది. జబ్బుపడి నాక్కోవడం మానేసిందంటే మాత్రం కొద్దిరోజుల్లోనే తేడా తెలిసిపోతుంది. నడుము మీద బొచ్చు పాయలుగా విడిపోతుంది, తెల్లటి పొట్టు కనబడుతుంది, తోక కింద వాసన మొదలవుతుంది. అప్పుడు చాలామందికి ముందు తట్టేది స్నానం. జబ్బు పిల్లి విషయంలో అది అన్నిటికన్నా చివర ఆలోచించాల్సిన పని. దాని చర్మాన్ని మురికి కన్నా నిలిచిపోయిన తడే ఎక్కువ పాడుచేస్తుంది. మూత్రం తడి, చొంగ తడి, పలచటి విరేచనం తడి, మనమే పోసి సరిగ్గా ఆరబెట్టని నీళ్ల తడి కూడా. ఏ పని ముందు చెయ్యాలి, ఏది వదిలేయొచ్చు అని తేల్చుకునేటప్పుడు చూసుకోవాల్సింది ఒక్కటే: తడి ఎక్కడ నిలుస్తోంది?

నాలుక ఏం చేసేది?

పిల్లి నాలుక మీద గరుకుగా తగిలే చిన్న ముళ్లుంటాయి. మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే అవీ తయారవుతాయి. ఇవి ఒక్కో నాలుక మీద దాదాపు 290 ఉంటాయని అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హు 2018లో ప్రచురించిన అధ్యయనంలో రాశారు. ప్రతి ముల్లు కొసన సన్నటి గాడి ఉంటుంది. అందులోకి లాలాజలం దానంతటదే ఎక్కి, బొచ్చు పైపైన ఆగిపోకుండా చర్మం దాకా చేరుతుంది. అలా చేరిన తడి ఆవిరవుతూ ఒంటి వేడిని లాగేస్తుంది. పిల్లి వదిలించుకోవాల్సిన వేడిలో నాలుగో వంతు దాకా ఇలాగే పోతుందని వాళ్ల అంచనా. అదే నాలుక ఊడిన వెంట్రుకల్ని లాగేస్తుంది, చర్మంలో ఊరే నూనెను బొచ్చంతా పరుస్తుంది, గోమార్లను (రక్తం పీల్చే ఫ్లీస్‌ను) ఏరిపారేస్తుంది.

ఇన్ని పనులు చేసినా నాలుక ఒంటిని ఎప్పుడూ నానబెట్టదు. పలచగా తడుపుతుంది, అది ఆరిపోతుంది, కాసేపాగి ఇంకోచోట మొదలుపెడుతుంది. మనం చేసే పనికీ అదే కొలత పెట్టుకోవాలి. వారానికొకసారి గంటసేపు పట్టుకుని తోమడం కన్నా, రోజూ రెండు మూడు సార్లు ఐదేసి నిమిషాలు తుడవడం పిల్లికి సులువు, మనకూ సులువు. జబ్బు పిల్లికి ఉన్న కాస్త ఓపికనూ మనం శుభ్రం పేరుతో ఖర్చుపెట్టేస్తే తినడానికి, కోలుకోవడానికి మిగలదు.

ఎందుకు మానేసిందో ముందు చూడాలి

మురికి ఎక్కడ చేరిందన్నదే చాలాసార్లు కారణం చెబుతుంది. ముఖం, ముందుకాళ్లు శుభ్రంగా ఉండి నడుము నుంచి వెనక మాత్రమే బొచ్చు జడకట్టిందంటే, పిల్లి వెనక్కి వంగలేకపోతోందన్నమాట. ఒళ్లయినా పెరిగి ఉండాలి, కీళ్లయినా నొప్పిగా ఉండాలి. కీళ్ల సమస్య మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. 2002లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో పన్నెండేళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లుల్లో కీళ్ల అరుగుదల కనబడింది. కుంటదు కాబట్టి నొప్పి లేదనుకుంటాం. బల్లమీదికి దూకడం మానేయడం, నడుము నాక్కోవడం మానేయడం, ఇవే పిల్లి కుంటడం లాంటివి.

గడ్డం కింద తడిగా ఉండి, ముందుపాదాల మీద గోధుమరంగు మరకలు, వాసన ఉంటే నోరు చూపించాలి. పన్ను కరిగిపోవడం, చిగుళ్లు పుండుపడటం పిల్లుల్లో మామూలే. నాలుక ఆడించడమే నొప్పి అయినప్పుడు అది ఎలా నాక్కుంటుంది? ఒళ్లంతా ఒకేలా మాసి ఉంటే జ్వరమో, కిడ్నీ జబ్బు తెచ్చే వికారమో, ఇంకేదైనా పెద్ద జబ్బో కావచ్చు. ఆపరేషన్ తర్వాత మెడకు కోన్ (కుట్లు నాక్కోకుండా తొడిగే గరాటు లాంటి పట్టీ) వేసిన పిల్లీ, నడుము పడిపోయిన పిల్లీ సంగతి చెప్పనక్కర్లేదు, కారణం కళ్లముందే ఉంటుంది.

ఇదంతా ఎందుకంటే, నొప్పికి సరైన మందు పడితే కొన్ని పిల్లులు మళ్లీ వాటంతటవే నాక్కోవడం మొదలుపెడతాయి. అయితే ఆ మందు వెటర్నరీ డాక్టర్ ఇచ్చిందే అయ్యుండాలి. మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి.

ఏది తగలొచ్చు, ఏది తగలకూడదు

పారాసిటమాల్ విషమవడానికీ, కొన్ని క్రిమినాశకాలు విషమవడానికీ కారణం ఒకటే. కొన్ని రకాల రసాయనాలను బయటికి పోయేలా మార్చే ఒక ఎంజైమ్ పిల్లి కాలేయంలో సరిగ్గా లేదు. జన్యువు స్థాయిలోనే అది పనిచేయడం ఆగిపోయింది. మనిషికి, కుక్కకు ఇబ్బంది లేనిది పిల్లి ఒంట్లో పేరుకుపోతుంది. పైగా పిల్లి బొచ్చు మీద పడినది ఏదైనా చివరికి దాని కడుపులోకి చేరుతుంది. నాక్కోలేని పిల్లి కూడా పాదమో, రొమ్మో అప్పుడప్పుడూ నాకుతుంది. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే అది వచ్చి దీన్ని నాకుతుంది.

అందుకే ఫినాల్ జాతి క్రిమినాశకాలు, నీళ్లు కలిపితే పాలలా తెల్లబడే ఆ గాఢమైన వాసన మందులు, పిల్లి దగ్గరికే రాకూడదు. టీట్రీ ఆయిల్, మరే ఘాటు సుగంధ తైలమైనా అంతే. కొన్ని తడి వైప్స్‌లోనూ, నేల తుడిచే ద్రావణాల్లోనూ బెంజాల్కోనియం క్లోరైడ్ ఉంటుంది. అది నాకితే నాలుక మీద పుండ్లు లేస్తాయి. పసిపిల్లల డైపర్ దద్దుర్లకు రాసే తెల్లటి జింక్ ఆక్సైడ్ క్రీమ్ కూడా నాకితే ప్రమాదమే. కుక్కలకు గోమార్లు పోవడానికి మెడ మీద వేసే మందుల్లో పర్మెత్రిన్ ఉన్నవి పిల్లిని మూర్ఛల్లోకి నెట్టి చంపగలవు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పుండును శుభ్రం చేసినట్టు నురగ వస్తుంది గానీ, మానుతున్న కణాల్నీ కాల్చేస్తుంది. మనుషుల షాంపూ అంత ప్రాణాంతకం కాదు కానీ, పిల్లి చర్మానికి సరిపడదు, ఎండగొడుతుంది.

ఇన్ని వద్దన్నాక మిగిలేది గోరువెచ్చని మంచినీళ్లు, మెత్తటి నూలు గుడ్డ. నిజానికి తొంభై పాళ్ల పనికి అవి చాలు. వైప్స్ కొనాలనుకుంటే వాసన లేనివి, పిల్లులకని స్పష్టంగా రాసినవి చూసుకోండి. అవి వాడాక కూడా ఒకసారి నీళ్లగుడ్డతో తుడిచేయడం మంచిది.

ముఖం నుంచి మొదలుపెట్టడం

కలిసిమెలిసి ఉండే పిల్లులు ఒకదాన్నొకటి నాక్కునేటప్పుడు ఎక్కువగా తల, మెడ దగ్గరే నాక్కుంటాయి. తనంతట తాను నాక్కునేటప్పుడు కూడా పిల్లి మూతితో మొదలుపెట్టి తోకతో ముగిస్తుంది. మనమూ అదే వరస పాటిస్తే అది తొందరగా ఒప్పుకుంటుంది. చెంపలు, చెవుల మధ్య, గడ్డం కింద తడిగుడ్డతో చిన్నచిన్నగా, బొచ్చు వాలు వైపే తుడవాలి. కొత్త మెత్తటి టూత్‌బ్రష్‌ను నీళ్లలో ముంచి, దులిపి, చెంప మీద గీస్తే కొన్ని పిల్లులు కళ్లు మూసుకుని మెడ చాపుతాయి. ఆ గరుకుదనం వాటికి తెలిసిన గరుకుదనమే. మీసాలను మాత్రం నలపొద్దు.

ముక్కు శుభ్రం చేయడం అందానికి సంబంధించిన పని అనిపిస్తుంది గానీ, జబ్బు పిల్లికి అంతకన్నా ముఖ్యమైంది మరొకటి లేదు. వాసన తగలకపోతే పిల్లి తిండి ముట్టదు. జలుబు చేసి ముక్కు రంధ్రాల చుట్టూ చీమిడి ఎండిపోతే, ఆకలి ఉన్నా గిన్నె వైపు చూడదు. రెండు మూడు రోజులు తిండి లేకుండా గడిచిందంటే, ముఖ్యంగా ఒళ్లున్న పిల్లిలో, కొవ్వు కాలేయంలోకి చేరి అదొక కొత్త ప్రాణాపాయం అవుతుంది. కాబట్టి ప్రతి భోజనానికి ముందు గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన దూదిని ముక్కు మీద కాసేపు ఆనించి, మెత్తబడ్డాక తుడవాలి. ఎండిన పొక్కును గోటితో పీకకూడదు.

కళ్లకు లోపలి మూల నుంచి బయటికి ఒక్కసారి తుడవాలి. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడొద్దు. పుసి పసుపుగానో ఆకుపచ్చగానో ఉన్నా, కన్ను మూసుకునే ఉన్నా తుడుస్తూ కూర్చోకుండా డాక్టర్‌కు చూపించాలి. సిరంజితో తినిపిస్తున్న పిల్లికి గడ్డం, రొమ్ము తిన్న వెంటనే తుడవాలి. ఎండనిస్తే తర్వాత బొచ్చుతో సహా ఊడుతుంది. కోన్ వేసుకున్న పిల్లికి కోన్ లోపలి వైపు కూడా రోజూ కడగాలి, తిండంతా అక్కడే అంటుకుంటుంది. మెడ దగ్గర ఆహార గొట్టం పెట్టిన పిల్లికి ఆ రంధ్రం చుట్టూ ఎలా శుభ్రం చేయాలో గొట్టం పెట్టిన డాక్టర్ చేతే చేసి చూపించమని అడగండి. ఎర్రబడటం, చీము, వాసన ఉంటే ఆరోజే చెప్పాలి. చెవుల్లో బయటికి కనబడే వరకు గుడ్డతో తుడిస్తే చాలు, ఇయర్‌బడ్ లోపలికి పెట్టొద్దు.

తుడుస్తుండగా చెవులు వెనక్కి మడిచినా, తోక టపటపా కొట్టినా ఆరోజుకు అక్కడితో ఆపేయాలి. నోరు తెరిచి ఊపిరి తీస్తే అది విసుగు కాదు, ఎమర్జెన్సీ. గుండెజబ్బు, ఊపిరి ఇబ్బంది ఉన్న పిల్లిని శుభ్రం కోసం బలవంతంగా అదిమి పట్టుకోవడం ఎప్పుడూ వద్దు.

వెనకభాగం

అసలు కష్టం ఇక్కడే. చర్మానికి మూత్రం అంటుకునే ఉంటే ఎర్రబడుతుంది, తర్వాత పచ్చిపుండు అవుతుంది. విరేచనం దానికి తోడైతే ఇంకా తొందరగా. బొచ్చు పొడవున్న పిల్లికైతే ఆ తడి బయటికి కనబడదు, వేలు పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అందుకే నాక్కోలేని పిల్లికి అన్నిటికన్నా ముందు చేయించాల్సింది, తోక కింద, తొడల వెనక, పొత్తికడుపు దగ్గర బొచ్చు ట్రిమ్మర్‌తో పొట్టిగా తీయించడం. చూడ్డానికి బాగోదు. కానీ రోజూ పడాల్సిన పెనుగులాటలో సగం అక్కడే తీరిపోతుంది. దీన్ని క్లినిక్‌లో చేయించడమే నయం.

మలం ఎండి అంటుకుపోతే లాగడం, గీకడం పనికిరాదు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డను రెండు మూడు నిమిషాలు దాని మీద అదిమిపెట్టి ఉంచితే నానుతుంది. అప్పుడు బొచ్చు వాలుగా తుడవాలి. ఆడపిల్లికి ముందు నుంచి వెనక్కి తుడవాలి, లేకపోతే మలంలోని క్రిములు మూత్రద్వారానికి చేరతాయి. బాగా పాడైతే ఆ భాగం వరకే మగ్గుతో నీళ్లు పోసి కడగొచ్చు. ముందు సగం పొడి తువ్వాలులో చుట్టి ఇంకొకరు పట్టుకుంటే పిల్లికి చలి వేయదు, బెదరదు.

కడగడం కన్నా ఆరబెట్టడానికే ఎక్కువసేపు పట్టాలి. రుద్దకుండా తువ్వాలును అద్దుతూ, మడతల్లో, తొడ లోపలివైపు తడి లేదని చేత్తో చూసుకోవాలి. పూర్తిగా ఆరాకే, చర్మం చెక్కుచెదరకుండా ఉంటేనే, పెట్రోలియం జెల్లీ పలచగా రాయొచ్చు. తర్వాత పడే మూత్రం నేరుగా చర్మాన్ని తాకదు. తడిమీద రాస్తే మాత్రం తడిని లోపల బంధించినట్టే. పౌడర్ చల్లే అలవాటు కొందరికి ఉంటుంది. అది మూత్రంతో కలిసి ముద్దకట్టడం తప్ప చేసేదేమీ లేదు, పైగా పిల్లి దాన్ని పీలుస్తుంది.

ఈగలు తిరిగే కాలంలో ఈ పని ఒక పూట కూడా వాయిదా వేయొద్దు. మలం అంటిన బొచ్చులో, పచ్చిపుండు మీద ఈగ గుడ్లు పెడుతుంది. వెచ్చటి వాతావరణంలో ఒక్క రోజులోపే అవి పురుగులవుతాయి, బతికున్న కండలోకే తొలుచుకుపోతాయి. లేత పసుపురంగు బియ్యపు నూకల్లా గుంపుగా కనబడేవి ఆ గుడ్లే. పురుగులు కనబడితే ఇంట్లో ఏదో పోసి చూద్దామనుకోకుండా వెంటనే క్లినిక్‌కు తీసుకెళ్లాలి.

ఒక హెచ్చరిక. వెనకభాగం ఎప్పుడూ తడిగా ఉంటోందంటే మూత్రం ఆపుకోలేకపోతోందనుకుంటాం. మూత్రనాళం మూసుకుపోయి, నిండిన సంచి నుంచి చుక్కలు కారుతున్నా అలాగే ఉంటుంది. మగపిల్లి ట్రేలో పదేపదే కూర్చుని ముక్కుతూ మూత్రం పోయలేకపోతుంటే రేపటిదాకా ఆగడానికి లేదు.

చిక్కుపడ్డ బొచ్చు

ఉండకట్టిన బొచ్చు కింద చర్మం నిరంతరం లాగబడుతూ ఉంటుంది. పిల్లి కదిలినప్పుడల్లా నొప్పి. చంకలు, చెవుల వెనక, గజ్జలు, కాలర్ కింద ఎక్కువగా పడతాయి. జబ్బు తగ్గేదాకా కాలర్ తీసేయడం ఉత్తమం. ఇక్కడ జరిగే అతి పెద్ద ప్రమాదం కత్తెర. పిల్లి చర్మం పలచన, సాగుతుంది. ఉండను పట్టుకుని లాగితే చర్మం కూడా దాంతోపాటు పైకి లేచి ఉండలోకి వస్తుంది. బొచ్చనుకుని కత్తిరిస్తే చర్మం తెగుతుంది, అదీ వెడల్పుగా. వెటర్నరీ క్లినిక్‌లకు ఇలాంటి కుట్లు కొత్తేమీ కాదు.

చిన్న చిక్కయితే బొచ్చును దాని మొదలు దగ్గర, చర్మానికి ఆనించి వేళ్లతో పట్టుకోవాలి, లాగుడు చర్మం దాకా వెళ్లకుండా. చిటికెడు కార్న్‌ఫ్లోర్ (తెల్లటి మొక్కజొన్న గంజిపొడి) చల్లి, వేళ్లతో విడదీస్తూ, కొసల నుంచి మొదలుపెట్టి దువ్వెన లోపలికి వెళ్లాలి. తడపొద్దు. నీళ్లు తగిలితే ఉండ ఇంకా బిగుసుకుంటుంది. చిక్కులుండగానే స్నానం చేయిస్తే లోపల తడి ఆరక చర్మం పాచిపోతుంది. పెద్దవైతే ట్రిమ్మరే గతి. దాని బ్లేడు వేడెక్కుతుంది, మధ్యమధ్యలో మన ముంజేతికి ఆనించి చూసుకోవాలి. ఒళ్లంతా అట్టకట్టి ఉంటే మత్తిచ్చి తీయాలా, రోజుకొకటి చొప్పున తీయాలా అన్నది డాక్టర్ తేల్చాలి. కిడ్నీ, గుండె బలహీనంగా ఉన్న పిల్లికి మత్తు తేలిక విషయం కాదు.

దువ్వేటప్పుడు మిరియాల పొడి లాంటి నల్లటి నలుసులు రాలితే తడి దూది మీద వేసి చూడండి. ఎర్రగా కరిగితే అది గోమార్ల రెట్ట, పిల్లి రక్తమే. బలహీనమైన పిల్లిని గోమార్లు రక్తహీనతలోకి తోయగలవు.

లేవలేని పిల్లి

నడుము పడిపోయిన పిల్లికి, అసలు కదలని పిల్లికి పక్క మార్చడం కూడా శుభ్రతలో భాగమే. రెండు నుంచి నాలుగు గంటలకొకసారి ఇటు నుంచి అటు తిప్పకపోతే తుంటి, మోచేయి ఎముకల మీద పుండ్లు పడతాయి. కింద మందపాటి మెత్తటి పరుపు, దాని మీద తడి పీల్చే ప్యాడ్ వేసి, తడిసిన వెంటనే మార్చాలి. మూత్రసంచిని చేత్తో నొక్కి ఖాళీ చేయాల్సిన పిల్లులకు ఆ పని రోజుకు మూడు నాలుగు సార్లు ఉంటుంది. వీడియో చూసి నేర్చుకునేది కాదిది, డాక్టర్ మన చేతిని తన చేత్తో పట్టుకుని చూపించాలి.

నడవగలిగే పిల్లికైతే ట్రే అంచు తక్కువ ఉండేలా చూడాలి. తడి తగిలితే గట్టిపడే లిట్టర్ (ట్రేలో పరిచే ఇసుకలాంటిది) తడి బొచ్చుకు సిమెంటులా పట్టేస్తుంది, కాగితం గుళికలు నయం. గోళ్లు కూడా మర్చిపోవద్దు. గీరుకోని ముసలి పిల్లికి గోరు మందంగా పెరిగి, వంకర తిరిగి పాదంలోని మెత్తలో గుచ్చుకుంటుంది.

క్యాన్సర్ మందులు వాడుతున్న పిల్లి మలమూత్రాలు ముట్టుకోవాల్సి వస్తే గ్లోవ్స్ వేసుకోవాలి. తామర ఉన్నా అంతే. గర్భిణులు ట్రే శుభ్రం చేసే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించాలి.

స్నానం తప్పనిసరైతే

ఒంటి మీద విషపదార్థమో, ఆయిలో పడితే, తుడుపుతో తీరనంతగా ఒళ్లంతా పాడైతే స్నానం చేయించక తప్పదు. పిల్లి మామూలు ఒంటివేడి సుమారు 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. తడిసిన బొచ్చు ఆ వేడిని వేగంగా లాగేస్తుంది, జబ్బు ఒళ్లు దాన్ని తిరిగి పుట్టించుకోలేదు. గది ముందే వెచ్చగా చేసుకుని, తువ్వాళ్లు సిద్ధంగా పెట్టుకుని, తల తడపకుండా, పిల్లుల షాంపూతో తక్కువసేపట్లో ముగించాలి. షాంపూ కొంచెం కూడా మిగలకూడదు. హెయిర్ డ్రయ్యర్ చప్పుడుకు చాలా పిల్లులు హడలిపోతాయి, తువ్వాళ్లు మార్చి మార్చి అద్దడమే మేలు.

కోలుకుంటున్న పిల్లి మళ్లీ పాదం నాక్కోవడం మొదలుపెడితే మందు పనిచేస్తోందనడానికి అంతకన్నా నమ్మకమైన గుర్తు తక్కువ. అప్పుడు మన తుడుపు ఒక్కో చోటా తగ్గిస్తూ రావాలి, ముఖం మొదట, వెనకభాగం చివర. ఒకేచోట అదేపనిగా నాకి బొచ్చు ఊడగొట్టుకుంటుంటే మాత్రం అక్కడ నొప్పో దురదో ఉందన్నమాట.

కోలుకునే దారి లేదని డాక్టర్ చెప్పిన పిల్లికి లెక్క వేరు. దాని బొచ్చు నిగనిగలాడక్కర్లేదు, నడుము మీద పొట్టు ఉన్నా ఫర్వాలేదు. పక్క పొడిగా ఉండటం, నోరూ ముక్కూ తోక కిందా తుడవడం, ఈ మాత్రం చాలు. అది కూడా నొప్పి మందు పనిచేయడం మొదలుపెట్టాక చేయాలి. ఆ మందుకు ఎంతసేపు పడుతుందో డాక్టర్‌ను అడిగి, తుడిచే వేళ దాన్నిబట్టి పెట్టుకోండి.